గిటార్ స్ట్రాప్ ఊడకుండా ఉండాలంటే ఏది మేలు: రబ్బరు వాషరా, ప్లాస్టిక్ లాకా, లోహపు లాకా?

నిలబడి వాయించేవారి గిటార్ బరువంతా స్ట్రాప్ (భుజానికి తగిలించుకునే పట్టీ) రెండు కొసల్లో ఉన్న చీలికల మీద, వాటిలో దూరిన రెండు చిన్న బటన్ల (గిటార్‌కు బిగించి ఉండే, తల వెడల్పుగా నడుము సన్నగా ఉన్న గుబ్బల) మీద నిలుస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్లలో స్ట్రాటోకాస్టర్ అనే నమూనా తరహాది 3.5 కిలోల దగ్గర తూగితే, లెస్ పాల్ తరహాది తరచుగా 4 కిలోలు దాటుతుంది. అయితే స్ట్రాప్ జారిపోయేది ఆ బరువు దాన్ని బిగుతుగా లాగుతున్నప్పుడు కాదు. వాయించేవారు కుర్చీలో కూర్చున్నప్పుడో, ఒక చేత్తో గిటార్‌ను పైకెత్తినప్పుడో, వంగి నేలమీది పెడల్‌ను సరిచేసినప్పుడో స్ట్రాప్ క్షణంపాటు వదులవుతుంది, చీలిక మెల్లగా బటన్ అంచు దాటి వస్తుంది, మళ్లీ లేచేసరికి గిటార్ చేతిలో ఉండదు. ఎస్‌జీ అనే మరో నమూనా తరహా గిటార్లలో పైబటన్ మెడ మడమ (మెడ గిటార్ ఒంటికి అతికే చోటు) దగ్గర వెనకవైపు ఉండడం వల్ల స్ట్రాప్ లాగే దిశే బటన్ నుంచి బయటికి పోయే దిశ అవుతుంది కాబట్టి, వాటిలో ఈ ప్రమాదం ఇంకొంచెం ఎక్కువ.

ఏ ఉపాయానికి డబ్బు పెట్టాలన్నా ముందు బటన్‌ను రెండు వేళ్లతో పట్టుకొని కదిపి చూడాలి. అది కదులుతూ ఉంటే లోపం స్ట్రాప్‌లో లేదు, స్క్రూ దూరిన చెక్కలో ఉంది. ఆ స్థితిలో ఎంత ఖరీదైన లాక్ బిగించినా లాక్‌తో సహా బటన్ ఊడి వస్తుంది. దీనికి మందు దాదాపు ఉచితం. స్క్రూ తీసి, మందు కొసలు తుంచేసిన అగ్గిపుల్లలనో, పళ్లు కుట్టుకునే పుల్లలనో ఫెవికాల్‌లో ముంచి, రంధ్రంలో బిగుతుగా దూర్చి, బయటికి మిగిలిన భాగాన్ని సమంగా కోసి, రాత్రంతా ఆరనిచ్చి మళ్లీ స్క్రూ బిగిస్తే చాలు. చెక్క గట్టిగా పట్టుకుంటుంది. ఇక కింద చెప్పేదంతా బటన్ గట్టిగా ఉందనుకొని చెప్పేదే.

అన్నిటికంటే చవకైనది రబ్బరు వాషర్. హాలండ్‌లో తయారయ్యే గ్రోల్ష్ బీరు సీసాలకు తీగతో బిగించే మూత ఉంటుంది. ఆ మూత కింద ఉండే మందమైన రబ్బరు చక్రాన్ని తీసి, స్ట్రాప్ తొడిగాక బటన్ మీదికి సాగదీసి ఎక్కించడం పాశ్చాత్య గిటారిస్టులలో ఎంతో కాలంగా ఉన్న అలవాటు. ఫెండర్ సంస్థ స్ట్రాప్ బ్లాక్స్ పేరుతో అమ్మేవి కూడా ఇదే పని చేసే రబ్బరు చక్రాలు. మన ఊళ్లలో ఆ బీరు సీసా కోసం వెతకనక్కర లేదు. నూనెకూ పండ్లరసానికీ వాడే తీగమూత గాజు సీసాలు వంటసామాను దుకాణాల్లో దొరుకుతాయి, వాటి మూతకు ఉన్నదీ ఇదే రకం చక్రం. అది లేకపోతే ప్లంబింగ్ సామాను అమ్మే కొట్టులో, గీజర్ కనెక్షన్ పైపు నట్టు లోపల వేసే అరంగుళం రబ్బరు వాషర్ అడగవచ్చు. జత పదీ ఇరవై రూపాయలకు మించదు. కుళాయి లోపల వేసే మామూలు వాషర్ మాత్రం పనికిరాదు, ఎందుకంటే అది గట్టిగా ఉంటుంది, రంధ్రం చిన్నది, బటన్ తల మీదుగా సాగదు. కొనేటప్పుడు చూడవలసినది ఇదే: రంధ్రం బటన్ తలకంటే చిన్నదిగా, నడుముకంటే కొంచెం పెద్దదిగా ఉండాలి, రబ్బరు వేలితో లాగితే సాగాలి.

ఈ పద్ధతిలో గిటార్‌కు కొత్త రంధ్రం వేయాల్సిన పని లేదు, ఏ స్ట్రాప్‌కైనా అదే వాషర్ పనికొస్తుంది, నచ్చకపోతే ఒక్క క్షణంలో తీసేయవచ్చు. కొస పలచగా ఉన్న నైలాన్ స్ట్రాప్‌కు ఒక్కో బటన్ మీద రెండేసి వాషర్లు వేస్తే ఇంకా బిగుతుగా ఉంటుంది; రెండు పొరల తోలు స్ట్రాప్‌కు మాత్రం బటన్ నడుము మీద ఒకదానికైనా చోటు మిగలకపోవచ్చు. రబ్బరు కాలం గడిచేకొద్దీ ఎండి పగుళ్లు తీస్తుంది, మన ఎండలకు మరీ త్వరగా తీస్తుంది కనుక అప్పుడప్పుడు లాగి చూసి మార్చాలి. నైట్రోసెల్యులోజ్ పూత ఉన్న పాతకాలపు లేదా ఖరీదైన గిటార్ ఉన్నవారు రబ్బరు పూతకు నేరుగా తగలకుండా చూసుకోవడం మంచిది, ఎందుకంటే రెండూ కలిసి మచ్చ పడే అవకాశం ఉంది. అయితే వాషర్ కూర్చునేది స్ట్రాప్ పైన కాబట్టి ఆ బెడద తక్కువే, పైగా చవక గిటార్లలో ఎక్కువ వాటికి ఉండేది పాలియూరిథేన్ లేదా పాలియెస్టర్ పూత.

ప్లాస్టిక్ లాక్ విషయానికొస్తే, డన్‌లాప్ లాక్‌స్ట్రాప్ వంటివి స్ట్రాప్ తొడిగాక బటన్ మీద పెట్టి తిప్పితే నడుమును చుట్టి పట్టుకునే చిన్న బిళ్లలు. రబ్బరుకన్నా నీటుగా ఉంటాయి, స్ట్రాప్ మార్చేటప్పుడు వేళ్లకు శ్రమ లేదు. కానీ బటన్ పరిమాణం మామూలుగా ఉంటేనే సరిపోతాయి, మందమైన తోలుతో అసలు మూసుకోవు. రబ్బరు వాషర్ చేసే పనికి కొన్ని రెట్లు ఎక్కువ వెల పెట్టడానికి నాకు పెద్ద కారణం కనబడదు.

లోహపు లాక్‌లది వేరే దారి. వీటిలో గిటార్ బటన్లనే తీసేసి లాక్‌తో వచ్చిన బటన్లు బిగించాలి, స్ట్రాప్ రంధ్రంలో మరో భాగాన్ని నట్టుతో బిగించాలి; రెండూ ఒకదానిలో ఒకటి తగులుకుంటాయి. జర్మనీ కంపెనీ షాలర్ చేసే లాక్‌లో స్ట్రాప్ వైపు భాగం గుర్రపునాడా ఆకారంలో బటన్ మీద కూర్చుంటుంది కాబట్టి, తెరిచిన వైపును సరిగా తిప్పి పెట్టుకుంటే బరువు ఆ లోహం మీదే పడుతుంది, స్ప్రింగ్ పిన్ను దాన్ని జారకుండా ఆపడానికి మాత్రమే. డన్‌లాప్ స్ట్రాప్‌లాక్‌లో బటన్ మధ్యనున్న రంధ్రంలోకి దూరే పిన్ను, దాని చివరి చిన్న గోళీలే బరువంతా మోస్తాయి. నా లెక్కలో మొదటి అమరిక నమ్మదగినది. అయితే షాలర్ పాత నమూనాల్లో స్ట్రాప్ వైపు నట్టు వాడకంలో వదులయ్యేది, దానికి మరమీద కాస్త గోళ్లరంగు పూసి బిగించడం వాయించేవారికి తెలిసిన చిట్కా. కొన్ని వందల రూపాయలకు దొరికే పేరు లేని నకళ్లలో స్ప్రింగ్ త్వరగా అరిగిపోతుంది. లాక్ వేశామన్న ధైర్యంతో చేయి వదిలేస్తాం కనుక, అరిగిన లాక్ అసలు లాక్ లేకపోవడంకంటే ప్రమాదకరం. కొత్త బటన్‌తో వచ్చిన స్క్రూ పాత రంధ్రానికి సన్నమైతే మళ్లీ అగ్గిపుల్లల పని తప్పదు. రెండు మూడు స్ట్రాప్‌లు మార్చి వాడేవారు ప్రతి దానికీ ఒక్కో జత భాగాలు కొనుక్కోవాలి. వేదిక మీద తిరుగుతూ, గిటార్‌ను ఊపుతూ వాయించేవారికి అసలైన లోహపు లాక్ ఖర్చు సమంజసమే. ఇంట్లో, తరగతిలో, చర్చిలో ఒకచోట నిలబడి వాయించేవారికి రబ్బరు వాషరే మేలు, ఇందులో నాకు సందేహం లేదు.

స్క్రూకు వెడల్పాటి ఇనుప వాషర్ తొడిగి స్ట్రాప్‌ను బటన్‌తో కలిపి చెక్కకు శాశ్వతంగా బిగించేవారూ ఉన్నారు. ఊడదు, నిజమే. కానీ గిటార్‌ను పెట్టెలో పెట్టడం ఇబ్బంది, స్ట్రాప్ మార్చాలన్న ప్రతిసారీ స్క్రూ తిప్పి రంధ్రాన్ని అరగదీయాలి.

కరెంటు అక్కరలేని అకూస్టిక్ గిటార్ల లెక్క వేరు. తొలిసారి కొనే చవక గిటార్లలో చాలావాటికి మెడ దగ్గర బటనే ఉండదు, కింది కొసన ఉన్న పిన్నుకూ తరచుగా స్క్రూ ఉండదు, బిగుతుతోనే నిలుస్తుంది. పిన్ను వదులైతే వాషర్ వల్ల ప్రయోజనం లేదు. పిన్ను చుట్టూ పలచని కాగితం ఒక చుట్టు చుట్టి గట్టిగా నొక్కడం తాత్కాలికంగా పని చేస్తుంది, స్క్రూ ఉన్న బటన్ వేయించడం శాశ్వత మార్గం. మెడ దగ్గర బటన్ లేనప్పుడు స్ట్రాప్ పై కొసను గిటార్ తలకు కట్టే తాడు, నట్‌కు (మెడ పైచివర తీగలు ఆనే చిన్న కమ్మీకి) అవతల తీగల కింద నుంచి పోవాలి, ముడి రెండుసార్లు వేయాలి. జారిపోయే నైలాన్ తాడుకంటే బూటు లేసు వంటి నూలు తాడు ముడిని బాగా పట్టుకుంటుంది. పికప్ (తీగల ధ్వనిని కేబుల్ ద్వారా యాంప్లిఫయర్‌కు పంపే పరికరం) ఉన్న అకూస్టిక్ గిటార్లలో తరచుగా కింది పిన్నే కేబుల్ జాక్ కూడా, మామూలు బటన్‌కంటే బాగా లావు. దానికి లాక్‌లూ వాషర్లూ ఎక్కవు. స్ట్రాప్ చీలికను బలవంతంగా చించకుండా కొంచెం కొంచెంగా సాగదీసి ఎక్కిస్తే ఆ బిగుతే లాక్ పని చేస్తుంది. కేబుల్‌ను ముందు స్ట్రాప్‌కూ గిటార్‌కూ మధ్య నుంచి తీసి ఆ తర్వాత జాక్‌లో పెడితే, ఎవరైనా దాన్ని తొక్కినా లాగుడు స్ట్రాప్ మీద పడుతుంది గానీ జాక్ మీద పడదు.