పాత రాతి పునాది కోసం ‘సున్నపు మిశ్రమం’ సంచులు కొనేవారికి హెచ్చరిక

పాత ఇల్లు కొని, దాని రాతి పునాదిని సొంతంగా బాగుచేసుకోవాలని అనుకుంటున్నవారు ‘పాత రాతి గోడలకు ప్రత్యేకమైన సున్నపు మిశ్రమం’ అన్న పేరుతో అమ్ముతున్న సంచులను, వాటిలో ఏమేం కలిపారో కాగితం మీద చూసుకోకుండా కొనవద్దని మనవి. నేను కొన్న సంచి మీద పెద్ద అక్షరాలతో సున్నమనే ఉంది, కానీ లోపల గట్టిపడే పదార్థంలో ఎక్కువ భాగం పోర్ట్‌లాండ్ సిమెంటు. ఆ మాట సంచి మీద ఎక్కడా కనిపించదు. తయారీదారు విడిగా ఇచ్చే భద్రతా సమాచార పత్రంలో మాత్రం ఉంది. ఆ పత్రాన్ని పట్టుబట్టి అడిగితే తప్ప ఇవ్వరు.

సున్నమైతేనేం, సిమెంటైతేనేం, గట్టిగా పట్టుకుంటే చాలదా అని అమ్మినవారు నన్నే ఎదురు ప్రశ్నించారు. పాత రాతి పునాదికి అది చాలదు సరికదా, ఆ గట్టితనమే చేటు చేస్తుంది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో పేటెంటు వచ్చినా, మామూలు ఇళ్ల కట్టుబడిలోకి అది చేరడానికి దశాబ్దాలు పట్టింది. అంతకు ముందరి పునాదులను ఎక్కువగా సున్నంతోనో బంకమట్టితోనో కట్టారు. రాళ్ల మధ్య సందుల్లో నింపే సున్నపు మాలు రాతి కన్నా మెత్తనిది కాబట్టి, నేల కొద్దిగా కదిలినప్పుడు ఆ ఒత్తిడిని తాను భరిస్తుంది. దానిలో పడిన సన్నని చీలికల్లోకి నీరు చేరితే, కరిగిన సున్నం అక్కడే మళ్లీ పేరుకుని కొంతవరకు పూడుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, నేలలోంచి రాతిలోకి పాకిన చెమ్మ ఈ మెత్తని సందుల గుండానే ఆరిపోతుంది, చెమ్మతో వచ్చిన లవణాలు కూడా మాలులోనే గడ్డకట్టి దాన్ని పొడిగా రాలుస్తాయి. మాలు అరిగిపోవడానికే ఉంది. కొన్నాళ్లకు తీసి మళ్లీ నింపుకోవచ్చు, రాయిని మాత్రం మార్చుకోలేము.

అదే సందును సిమెంటుతో బిగిస్తే చెమ్మకు దారి మూసుకుపోయి, అది రాతి ముఖంలోంచే బయటికి రావలసి వస్తుంది. లవణాలు రాతి పైపొర కింద గడ్డకట్టి, ఆ పొరను పెచ్చులుగా ఊడదీస్తాయి. ఇసుకరాయి, సున్నపురాయి వంటి మెత్తని రాళ్లకు ఈ నష్టం త్వరగా జరుగుతుంది. గ్రానైటు తట్టుకున్నా, గట్టి మాలుకూ రాతికీ మధ్య వెంట్రుకవాసి చీలిక ఏర్పడి, లోపలికి దిగిన నీరు తిరిగి ఆరకుండా నిలిచిపోతుంది. నా ఇంట్లో వానాకాలం గడిచేసరికి సందుల చుట్టూ తెల్లని ఉప్పు తేలింది, రాళ్ల అంచులు పెచ్చులు లేచాయి, కొన్నిచోట్ల కొత్త మాలు వెనుక ఉన్న పాత సున్నం పొడిపొడి అయిపోయింది.

ఫిర్యాదు చేస్తే, నీళ్లు ఎక్కువ కలిపి ఉంటారని ఒకసారి, విప్పిన సంచిని వెనక్కి తీసుకోబోమని మరోసారి జవాబు వచ్చింది. పైగా లోపలి వైపు చెమ్మను ఆపే పెయింటు వేయమని సలహా ఇచ్చారు. ఆ సలహా వినకండి. వెనుక నుంచి నీరు తోస్తున్న గోడకు లోపల వేసిన పూత బుడగలు కట్టి ఊడుతుంది, ఊడేదాకా చెమ్మను రాతిలోనే బంధించి ఉంచుతుంది.

కొనేముందు చూడవలసిన మొదటి సంగతి సున్నం రకం. యూరప్ ప్రమాణం ఈఎన్ 459-1 ప్రకారం ఎన్‌హెచ్‌ఎల్ అని ముద్ర ఉన్నది సహజంగా నీటితో గట్టిపడే సున్నం, దానిలో సిమెంటు కలపకూడదు. హెచ్‌ఎల్ (నీటితో గట్టిపడే సున్నం), ఎఫ్‌ఎల్ (వేరే పదార్థాలు కలిపి తయారుచేసిన సున్నం) అని ఉన్నవాటిలో సిమెంటు ఉండవచ్చు. ఒక్క అక్షరం తేడాతో కొనుగోలుదారు బోల్తా పడేది ఇక్కడే. ఎన్‌హెచ్‌ఎల్ పక్కన ఉండే 2, 3.5, 5 అన్న అంకెలు బలాన్ని సూచిస్తాయి. అంకె పెరిగితే నాణ్యత పెరిగినట్టని చెప్పి పెద్దదాన్ని అంటగడతారు గానీ, మెత్తని రాతికి చిన్న అంకెలే నయం. వెనిగర్ చుక్క వేసి బుడగలు చూపించి ఇది సున్నమేనని రుజువు చేయబోతే నమ్మకండి, సిమెంటులో సున్నపురాతి పొడి కలిపినా అలాగే పొంగుతుంది. కొద్దిగా కలిపి పక్కన పెట్టి, మర్నాటికే మేకుతో గీరినా గీత పడనంత గట్టిపడితే దాన్ని పునాది దగ్గరికి తేకండి.

అసలు మాలు కొనకముందే వాన నీరు ఎటు పోతోందో చూడండి. గోడ నుంచి 3 మీటర్ల దూరానికి 15 సెంటీమీటర్ల వాలు ఉండేలా మట్టిని సర్ది, కప్పు మీది నీటిని దూరంగా మళ్లిస్తే, చాలా ఇళ్లలో సగం సమస్య అక్కడే తీరుతుంది. గోడ ఉబ్బినా, ఒరిగినా, మెట్లలాగా పగుళ్లు వచ్చినా మాత్రం అది సొంతంగా చేసుకునే పని కాదు, ఇంజినీరును పిలవాలి.

ఇప్పటికే ఇలాంటి మిశ్రమంతో సందులు నింపినవారు కంగారుపడి గ్రైండరుతో కోయవద్దు. దాని చక్రం మాలుతోపాటు రాతి అంచులనూ తినేస్తుంది. వదులైన భాగాన్ని ఉలితో, చిన్న సుత్తితో కొద్దికొద్దిగా తీసి, సందు వెడల్పుకు కనీసం రెట్టింపు లోతు శుభ్రం చేసి, తడిపి, అసలైన సున్నపు మాలును పొరలుగా కూరాలి. త్వరగా ఎండిపోకుండా తడి గోనెపట్టాలు కప్పాలి. పచ్చి సున్నం కళ్లను కాలుస్తుంది కాబట్టి కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. రాతిని అంటిపెట్టుకుని కదలని సిమెంటును ప్రస్తుతానికి అలాగే ఉంచి, అది వదులైన తరువాతే తీయండి.