నర్సరీలో ‘అశోక’ మొక్క: చీటీ కాదు, ఆకు చూసి కొనండి

‘అశోక’ అని చీటీ కట్టి నర్సరీల్లో అమ్మేది చాలావరకు నరమామిడే. కాంపౌండు గోడల వెంట కొమ్మలు కిందికి వాల్చుకుని స్తంభంలా పెరిగేది ఇదే. సీతాఫలం కుటుంబం. పూలు లేతాకుపచ్చ, ఆకుల్లో కలిసిపోయి కనపడనే కనపడవు. నారింజ, ఎరుపు గుత్తులు పూసే అసలు అశోకం చిక్కుడు కుటుంబపు చెట్టు. రెంటికీ చుట్టరికమే లేదు. అశోకవనం అనగానే మనకు గోడపక్క చెట్టు గుర్తురావడం దీని పుణ్యమే.

మొక్క దశలో పూలుండవు గనుక ఆకే ఆధారం. నరమామిడి కాడకు ఒక్కటే ఆకు, పొడుగ్గా, అంచులు అలలు అలలుగా ఉంటుంది. అశోకానికి ఒకే కాడ మీద 4–6 జతల ఆకులుంటాయి, అంచు నున్నగా ఉంటుంది. ‘సీతా అశోక’ అని అడిగితే సరైన మొక్క దొరికే అవకాశం ఎక్కువ. అయినా ఆకు చూడందే డబ్బివ్వొద్దు.

అశోకం చిగురు రాగిరంగులో, తడిగుడ్డలా మెత్తగా వేలాడుతుంది. వాడిపోయిందనుకుని నీళ్లు కుమ్మరిస్తారు, వేరు కుళ్లి మొక్క పోతుంది. చిగురు ముదిరి పచ్చబడేదాకా ఆగండి, చాలు. వేలు రెండంగుళాలు దించి చూసి, మట్టి ఆరితేనే నీళ్లు పోయాలి.

రెండడుగుల గుంత తీసి, మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు కలపాలి. మొదటి రెండేళ్లు మధ్యాహ్నపు ఎండ తగలనివ్వకండి. వాగుల ఒడ్డున, పెద్ద చెట్ల నీడన పెరిగే జాతి ఇది, వడగాలికి ఆకు అంచులు మాడతాయి. పూత సుమారు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ముదురు కొమ్మల మీదే గుత్తులు వస్తాయి, ఆకారం కోసం వాటిని నరికితే పూలూ పోతాయి.

అశోక బెరడు పొడితో ఇంకా జాగ్రత్త. అశోకారిష్టం అనే ఆయుర్వేద మందులో పడాల్సిన అశోక బెరడు స్థానంలో నరమామిడి బెరడు కలపడం పాత కల్తీ. పొడి చేశాక కంటితో పోల్చలేం. పొట్లం మీద ‘సరాకా అసోకా’ అన్న శాస్త్రీయనామం లేకపోతే కొననే వద్దు. ఉన్నా, అది హామీ కాదు, ల్యాబ్ పరీక్ష కాగితం అడగండి.

నరమామిడి చెడ్డ మొక్కేం కాదు. గోడపక్క తెర కావాలంటే దాన్నే కొనండి. ఐదారడుగుల ఎడం ఇచ్చి, తల మాత్రం నరకొద్దు. నరికితే పక్క కొమ్మలు పైకి లేచి స్తంభం ఆకారం చెడుతుంది.