199కి స్టీమ్ గేమ్ 'యాక్టివేషన్': ఒక్క స్టార్ ఇవ్వడం కూడా దండగే

స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల షాపులో మూడు వేలు దాటే రేసింగ్ గేమ్ 199 రూపాయలకే ఇస్తామని రీల్స్ వేసి అమ్మే బాపతు సర్వీస్ ఇది. మా మేనల్లుడు వాడి పాకెట్ మనీతో కొన్నాడు, లాప్‌టాప్ మాత్రం మా బావగారిది. అమ్మినవాళ్ళ పేరు రాయను, ఎలాగూ రేపటికి ఇంకో పేరుతో వస్తారు.

డబ్బు వేశాక స్టీమ్‌లో గేమ్ యాక్టివేట్ చేసుకునే కోడ్ (కీ) రాలేదు, వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. మొదటి లైనే విండోస్‌తో వచ్చే యాంటీవైరస్, అదే డిఫెండర్, ఆఫ్ చేయమని, ఆ తర్వాత కంప్యూటర్‌కి నేరుగా కమాండ్‌లిచ్చే పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా, అంటే పూర్తి అధికారాలతో, తెరిచి వాళ్ళిచ్చిన కమాండ్ లైన్ పేస్ట్ చేయమని. అంటే వాచ్‌మన్‌ని ఇంటికి పంపేసి, ముక్కూ మొహం తెలియని వాడికి తాళాలివ్వడమే కదా! అది నెట్ నుంచి ఏదో ఫైలు దించి స్టీమ్ ఫోల్డర్‌లో పడేస్తుంది, దాంతో ఆ గేమ్ మనం కొన్నామని స్టీమ్ నమ్మేస్తుంది. లైబ్రరీలో కనిపిస్తుంది, డౌన్‌లోడ్ కూడా అవుతుంది, అబద్ధమెందుకు. కానీ అకౌంట్ డీటెయిల్స్‌లో లైసెన్సుల లిస్టు తెరిచి చూస్తే ఆ గేమ్ ఊసే లేదు. స్టీమ్ అప్‌డేట్ అవగానే గేమ్ మాయం, అమ్మినవాడిని అడిగితే మళ్ళీ అదే లైన్ రన్ చేయమంటాడు. నిన్న దించిన ఫైలే ఈరోజూ దిగుతుందని గ్యారంటీ ఏముంది?

"అందరూ వాడుతున్నారుగా, ఏం కాదు" అంటాడు మావాడు. 2021లో యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ బయటపెట్టిన క్రాకొనోష్ అనే మాల్వేర్ కథ కూడా ఇలాంటిదే. జీటీఏ 5 లాంటి గేమ్‌ల క్రాక్ (దొంగ) కాపీల్లో దూరి, కంప్యూటర్‌ని సేఫ్ మోడ్‌లో రీస్టార్ట్ చేయించి, యాంటీవైరస్ పీకేసి, గుట్టుగా మన కంప్యూటర్‌తోనే మొనెరో అనే క్రిప్టో కరెన్సీ తయారు చేసుకుంది (మైనింగ్). 2 లక్షల 22 వేలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. కరెంటు మనది, డబ్బు ఆ మాల్వేర్ వదిలినవాడిది. గేమ్ ఆడుతూనే ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది?

బావగారి లాప్‌టాప్‌లో నెట్ బ్యాంకింగ్, ఆఫీసు మెయిల్, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు అన్నీ ఉన్నాయి, నాకు టెన్షన్ అంతా అక్కడే.

గేమ్‌కి మూడు వేలు పెట్టడం వద్దనుకుంటే సేల్ వచ్చేదాకా ఆగొచ్చు, ఎపిక్ అనే ఇంకో గేమ్ షాపులో వారం వారం ఫ్రీ గేమ్ ఇస్తున్నారు. స్టీమ్‌లో కొన్నా 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే రిఫండ్ వస్తుంది.

ఇప్పటికే ఆ లైన్ రన్ చేసేసి ఉంటే, స్టీమ్ ఒక్కటీ అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊరుకోకండి, విండోస్ కొత్తగా వేయించండి. పాస్‌వర్డ్‌లు మాత్రం వెంటనే మార్చేయండి, ఆ లాప్‌టాప్‌లో కాదు, ఫోన్‌లోంచి.