వేసవి సెలవుల్లో లైబ్రరీ: శిబిరం మేలా, కార్డు మేలా?

ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే మా అపార్టుమెంట్ మెట్ల దగ్గర నన్ను ఆపి అడిగే మాట ఒకటే. "అక్కా, పిల్లోణ్ణి లైబ్రరీ శిబిరానికి పంపితే ఏమన్నా ప్రయోజనం ఉంటాదా? లేకపోతే డబ్బులు కట్టి బయట సమ్మర్ క్యాంపులోనే వేసేదా?" ఒక వేసవిలో అదీ, మరుసటి వేసవిలో ఇదీ చేసి చూశాను కాబట్టి నన్నడుగుతారు. నేను తిరిగి అడిగేదీ ఒకటే: "లైబ్రరీ కార్డు ఉందా?" దాదాపు ఎవరికీ ఉండదు. శిబిరం సంగతి పేపర్లో జిల్లా పేజీ చూసి తెలుసుకున్నవాళ్లకి కూడా, ఆ లైబ్రరీ పుస్తకాలు ఇంటికిస్తుందన్న విషయం తట్టదు.

ముందు గడియారం చూడాలి. ఏప్రిల్ చివర బడులు మూస్తే మళ్లీ తెరిచేది జూన్ 12. ఆ ఏడు వారాల్లో నెల్లూరు పిల్లలు బయట తిరగగలిగేది పొద్దున పదిన్నర, పదకొండు దాకా, మళ్లీ సాయంత్రం నాలుగున్నర దాటాక. మధ్యలో తలుపులేసుకుని కూర్చోవలసిందే. రోహిణి కార్తెలో మిద్దె మీద ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంతగా కాగిపోతాయి. మా శాఖా గ్రంథాలయం వేళలు పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. శిబిరం కూడా ఆ పొద్దుటి మూడు గంటల్లోనే. ప్రైవేటు క్యాంపు వాళ్లూ పదకొండుకల్లా ఆటో ఎక్కించి పంపేస్తారు. అంటే వీటన్నిటికీ మనం పంపేది పిల్లలు ఎలాగూ వీధిలో క్రికెట్ ఆడుకునే వేళలో. ఫోన్ కోసం అమ్మ కొంగు పట్టుకుని తిరిగేది మాత్రం పదకొండు నుంచి నాలుగు మధ్య. ఆ అయిదు గంటలకి ఏ క్యాంపు దగ్గరా మందు లేదు. నా లెక్కంతా వాటి మీదే.

డబ్బు కట్టే క్యాంపు గురించి రెండు ముక్కలు. మేం వేసినదాని పేరు ఇప్పుడనవసరం. నాలుగు వారాలకి మూడున్నర వేలు. కరాటే, కీబోర్డు, వేదిక్ మ్యాథ్స్, పొయ్యి లేని వంట అని రంగుల కాగితం ఇచ్చారు. కీబోర్డు ఒకటి, పిల్లలు ఇరవై ఇద్దరు. పొయ్యి లేని వంటంటే బ్రెడ్డు మీద జాము రాయడం. చివరికి ఇంటికి చేరింది ఒక టీషర్టు, ఒక థర్మోకోల్ ఇల్లు. ఈత నేర్పించాలనుకుంటే మాత్రం నిక్షేపంగా డబ్బు కట్టండి, అది చదివితే వచ్చేది కాదు. మిగతావాటికి నేనైతే మళ్లీ కట్టను.

లైబ్రరీ ఉచితం అంటారు గానీ అదీ పూర్తిగా నిజం కాదు. ఇంటిపన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ పన్ను అని ఒక వరుస ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలు చేసేది అది, పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. ఇంటిపన్ను అయిదు వేలైతే అందుకు తోడు నాలుగు వందలు లైబ్రరీ పేరున కడుతున్నట్టు. మున్సిపాలిటీ, పంచాయతీ ఆ డబ్బు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. ఎప్పుడు చేస్తాయన్నది వేరే భారతం. మన వాటా మనం ఇచ్చేశాం కాబట్టి మొహమాటపడకుండా లోపలికి పోవచ్చు.

ఇక లైబ్రరీ శిబిరం. ఫీజు లేదు. కథలు చదివించడం, చదివిన కథని నిలబెట్టి చెప్పించడం, స్పోకెన్ ఇంగ్లిష్, బొమ్మలు, కాగితంతో పడవలూ కొంగలూ, చదరంగం, క్యారమ్స్. ఒకరోజు రిటైర్డు మాస్టారు వస్తారు, ఇంకోరోజు డ్రాయింగ్ నేర్పే అమ్మాయి వస్తుంది. ఎవరూ రాని రోజు క్యారమ్ బోర్డే గతి. అయిదేళ్ల పిల్లలూ తొమ్మిదో తరగతివాళ్లూ ఒకే హాల్లో, రెండు ఫ్యాన్ల కింద. పెద్ద పిల్లలు మూడో రోజుకే విసుగు పుట్టి ఎగ్గొడతారు. మావాడూ ఎగ్గొట్టాడు.

కానీ దాని బలం ఎక్కడుందో నా కళ్లతో చూశాను. నాలుగో తరగతి పాప ఒకతె కూడబలుక్కుంటూ చదువుతోంది. వత్తు వచ్చిన చోటల్లా ఆగిపోతోంది. మాస్టారు పక్కన కూర్చుని వరుస కింద స్కేలు పెట్టి, మెల్లగా కిందికి జరుపుతూ పోతున్నారు. నోరు మెదపడం లేదు. "గు... గుమ... గుమ్మ..." అని ఆ పాప నాలుగుసార్లు వెనక్కీ ముందుకీ పోయి, ఒక్కసారిగా "గుమ్మడికాయ!" అని పగలబడి నవ్వింది. "ఇది మా దొడ్లో కాస్తాది సార్" అంది. ఆ పిల్లకి కార్డు ఇచ్చి పంపి ఉంటే పుస్తకం మూసి గూట్లో పెట్టేది. చదవడం ఇంకా పట్టుబడని పిల్లలకి, ఇంట్లో పక్కన కూర్చుని వినేవాళ్లు లేనివాళ్లకి శిబిరమే మేలు. దీంట్లో నాకు అనుమానం లేదు.

నాకు నచ్చనిది ఒకటుంది. మేం వెళ్లిన చోట శిబిరం పిల్లలకని ఓ ముప్ఫై పుస్తకాలు బల్ల మీద పరిచారు. మిగతావి అద్దాల బీరువాల్లో, తాళం లోపల. మావాడు అద్దానికి ముక్కు ఆనించి పాముల పుస్తకం ఒకటి చూపించి అడిగితే, తాళాలు ఇంకొకరి దగ్గరున్నాయి, రేపు రమ్మన్నారు. మర్నాడు శుక్రవారం, లైబ్రరీకి సెలవు. ఆ పుస్తకం చేతికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. అది కూడా శిబిరం తరఫున కాదు, కార్డు మీద.

కార్డు పెద్ద పని కాదు. ఫారం నింపి, చిన్న డిపాజిట్ కడితే సరి. మానుకున్నప్పుడు ఆ డబ్బు తిరిగిస్తారు. మావాడికి అప్పుడు అయిదో తరగతి అయిపోయింది. చదవడం వచ్చు, ఇష్టం లేదు. పాముల పుస్తకం రెండు రోజుల్లో ముగించాడు. రక్తపింజరికీ కట్లపాముకీ తేడా ఏమిటో అన్నం దగ్గర కూడా చెబుతుంటే మేం తట్టుకోలేకపోయాం. రెండోసారి తెచ్చుకున్న కథల పుస్తకం మన నెల్లూరు మాటల్లోనే ఉంది. దాని వెనక అట్టకి అంటించిన చీటీలో ఊదారంగు తేదీ ముద్రలు, ఆఖరిది 2009. "నేను పుట్టినప్పటి నుంచి దీన్ని ఎవురూ తీసకపోలేదు మా" అన్నాడు, అదేదో వాడి ఘనత అయినట్టు.

మే నెల ఒక మధ్యాహ్నం, రెండు గంటలై ఉంటుంది. కరెంటు లేదు. వాడు కిటికీ పక్కన నాపరాయి బండల మీద బోర్లా పడుకుని చదువుతూ, "జేజీ, దొరువంటే ఏంది?" అని అరిచాడు. మా అత్తయ్యది సముద్రం వైపు ఊరు. మంచం మీద నుంచి లేచి కూర్చుంది. ఇసక నేలలో రెండు మనుషుల లోతు తవ్వితే నీళ్లు ఊరతాయనీ, మెట్లు మెట్లుగా దిగి రెండు చేతులా రెండు కడవలు ముంచుకొచ్చి సరుగుడు నారుకి పోసేవాళ్లమనీ, ఒకసారి తన చెల్లెలు కడవతో సహా దొరువులో జారి పడిందనీ మొదలుపెట్టింది. పుస్తకం బండ మీద తెరిచినది తెరిచినట్టే ఉంది. అత్తయ్య మాత్రం నాలుగు దాకా ఆగలేదు. పన్నెండేళ్ల నుంచి ఆ ఇంట్లో ఉన్నాను, దొరువు మాట నేనూ అప్పుడే వినడం.

అందుకే నా ఓటు కార్డుకి. అయిదు గంటలూ చదువుతాడా అంటే చదవడు. గంట, మహా అయితే గంటన్నర. ఫోన్ కూడా అడుగుతాడు. కానీ లైబ్రరీ తలుపు మూసి ఉన్న వేళలో లైబ్రరీ నుంచి మనకి అందేది ఇంట్లో ఉన్న ఆ పుస్తకం ఒక్కటే.

కార్డుతో తలనొప్పి లేదని చెప్పను. మేలో ఊరగాయలు పెట్టే రోజుల్లో పుస్తకం జాడీ పక్కన పెట్టి మరిచిపోయాను. నలభై మూడో పేజీ నుంచి యాభై దాకా ఊరగాయ నూనె ఇంకిపోయింది. తిట్టించుకోవడానికి సిద్ధపడి తీసుకెళ్తే లైబ్రేరియన్ సార్ అటూ ఇటూ తిప్పి, ఇంకోచోట ఉన్న పసుపు మరక చూపించి, "ఇదెవురిదో కూడా కనుక్కోమ్మా" అన్నారు. అందరూ అంత మంచివాళ్లుంటారని నమ్మి పుస్తకం వంటింట్లోకి తేకండి. పోగొడితే ఖరీదు కట్టాలి.

పెద్దవాళ్ల సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు, ముఖ్యంగా ఆడవాళ్లు. లైబ్రరీల్లో పెద్దలకి జరిగేవి రెండు రకాలు. ఒకటి పేపర్ల బల్ల. రిటైరైనవాళ్లకి అది దివ్యంగా ఉంటుంది, పొద్దున ఎనిమిదికి ముందే అరుగు మీద కూర్చుని ఉంటారు. రెండోది సభలు. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లోనూ, మధ్యలో అప్పుడప్పుడూ పుస్తక పరిచయాలు పెడతారు. నేను మూడింటికి వెళ్లాను. జ్యోతి వెలిగించడం, శాలువాలు, వేదిక మీద తొమ్మిదిమంది. పుస్తకం సంగతి వచ్చేసరికి కాఫీ వచ్చేది. ఒక్కసారి మాత్రం ఎవరో పెద్దాయన ఏ వేదికా లేకుండా కుర్చీ లాక్కుని తిక్కన పద్యాలు గంటసేపు చదివారు. అది ఇప్పటికీ చెవుల్లో ఉంది. అలాంటివి జరిగేటట్టయితే సభలకే నా ఓటు, కానీ నమ్మకం లేదు. పోటీ పరీక్షలకి చదివే పిల్లలకి జిల్లా కేంద్ర గ్రంథాలయాన్ని మించినది లేదు, వాళ్లకి నేను చెప్పేదేముంది.

మనలాంటివాళ్లకి ఎనిమిది నుంచి పదకొండు వంటపని, నాలుగు నుంచి ఏడు పిల్లలూ టిఫిన్లూ. లైబ్రరీ తెరిచి ఉన్న ఏ గంటా మనది కాదు. కాబట్టి ఇక్కడా కార్డే. నా కార్డూ మావాడి చేతికిచ్చి, కావలసిన నవలల పేర్లు చీటీ మీద రాసి పంపుతాను. అవి దొరక్కపోతే సార్ తనకి తోచింది పంపిస్తారు. అట్లా వచ్చినవే ఎక్కువ నచ్చాయి.

ఫోన్లో చదవడం గురించి: నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది, పిల్లలకి స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. బాగానే ఉంటాయి. అయిదు నిమిషాల తర్వాత చూస్తే స్క్రీన్ మీద కథ ఉండదు, క్రికెట్ ఉంటుంది. ఒకరోజు ప్రయాణం పెట్టుకోగలిగితే వేటపాలెంలో సారస్వత నికేతనం అనే పాత గ్రంథాలయం చూపించండి. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. 1918లో మొదలైంది, గాంధీ 1929లో దాని కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర కూడా అక్కడ ఉంది. పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడినుంచో వస్తారు.

మొన్న మా ఆడబిడ్డ కందుకూరు నుంచి ఫోన్ చేసింది. చిన్నోడు రెండో తరగతి, పెద్దది ఏడు. చిన్నోణ్ణి శిబిరానికి పంపు, పెద్దదానికి కార్డు తీసివ్వు, నీ పేరున ఇంకోటి తీసుకో అన్నాను. "మరి ఏరోజు పొయ్యేది వదినా?" అంది. గురువారం సాయంత్రం పొమ్మన్నాను. మర్నాడు సెలవు కదా, అయిపోయిన పుస్తకాలు చేతిలో పెట్టుకుని శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరు పిల్లలతో కూర్చోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.