ట్యాబ్‌లో తీసేసినా సర్వర్‌లో ఉండాలి: థండర్‌బర్డ్‌ను చాలాకాలం వాడాక

ఈ మెయిల్ యాప్‌లో నేను ప్రాణంగా చూసుకునేది ఒకే ఒక్క సెట్టింగ్. ట్యాబ్‌లో ఒక మెయిల్‌ను డిలీట్ చేస్తే సర్వర్‌లో, అంటే మెయిల్స్ అసలు నిలవ ఉండే దూరపు కంప్యూటర్‌లో, ఉన్న కాపీని ఏం చెయ్యాలో అది మనల్నే నిర్ణయించుకోమంటుంది. అక్కడా తీసెయ్యాలా, చదివినట్టు గుర్తుపెట్టి వదిలెయ్యాలా, లేక సర్వర్ జోలికే పోకూడదా అని మూడు దారులు చూపిస్తుంది. నేను మూడోది పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి డిలీట్ బటన్ నొక్కేటప్పుడు నా చెయ్యి వణకడం మానేసింది.

యాప్ పేరు థండర్‌బర్డ్, ఆండ్రాయిడ్‌ది. ఆ పేరుతో వచ్చింది 2024 అక్టోబర్‌లోనే అయినా, లోపల ఉన్నది కె-9 మెయిల్ అనే పాత యాప్పే. నేను కె-9 కాలం నుంచీ వాడుతున్నాను. ఉచితం, ప్రకటనలు లేవు. ఎలా ఎక్కించుకోవాలి, ఏ రంగులో కనిపిస్తుంది లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి చేసే ఒక ఆఫీసులో డాక్యుమెంట్ల పని నాది. గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ రకం బ్లాకు ఒకటి క్వారీ నుంచి కదిలిందంటే దాని వెనకే మెయిల్స్ కదులుతాయి. బ్లాకు నంబరు, నాలుగు వైపుల ఫొటోలు, గ్రాస్ అనే పూర్తి కొలత, కొనేవాళ్లకు వదిలే అలవెన్సు పోను మిగిలే నెట్ కొలత, కొనేవాళ్ల తరఫున బ్లాకులు ఎంచే మనిషి, మార్కర్ అంటాం, వచ్చి చూసి ఓకే చేసిన లిస్టు, ఆపైన ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఓడవాళ్లు సరుకుకు ఇచ్చే బీఎల్ కాగితం డ్రాఫ్టు. యార్డులో నిలబడి బ్లాకు మీద నంబరును లిస్టుతో సరిచూసుకోవాలి కాబట్టి నాకు ల్యాప్‌టాప్ కన్నా ట్యాబే కావాలి. ఆఫీసువాళ్లు ఇచ్చినది 32 జీబీది. అందులో సిస్టమ్‌కే చాలా పోతుంది.

ఫొటోల సంగతి ఇంకోటి ఉంది. మెయిల్‌లో అటాచ్‌మెంట్లు అక్షరాలుగా మారి ప్రయాణం చేస్తాయి. ఆ మార్పులో సైజు మూడో వంతు దాకా పెరుగుతుంది. 6 ఎంబీ ఫొటో మెయిల్‌లో 8 ఎంబీ అవుతుంది. ఒక్క మెయిల్‌లో మూడు బ్లాకుల ఫొటోలు వచ్చాయంటే ట్యాబ్ మీద ఎంత బరువో చూడండి.

ముందు ట్యాబ్‌తో వచ్చిన మెయిల్ యాప్‌నే వాడేదాన్ని. స్టోరేజ్ నిండిందని మెసేజ్ రావడం, ఎవర్ని అడిగినా "పాత మెయిల్స్ తీసెయ్యి" అనడం. ఈ సలహా మీద నాకు ఇప్పటికీ కోపమే. మా ఆఫీసు మెయిల్ ఐమ్యాప్ పద్ధతిలో నడుస్తుంది. అంటే ఒకే బీరువాకు అందరి దగ్గరా తాళంచెవి ఉన్నట్టు. నేను ట్యాబ్‌లో ఒక మెయిల్ తీసేస్తే మా సారు ఫోన్‌లోనూ పోతుంది, ఆఫీసు కంప్యూటర్‌లోనూ పోతుంది. ఆ యాప్‌లో "ఇక్కడ మాత్రమే తియ్యి" అనే దారే లేదు. స్టోరేజ్ కావాలంటే కాగితాలు పోగొట్టుకో, కాగితాలు కావాలంటే స్టోరేజ్ లేకుండా ఉండు. ఎగుమతి పనిలో ఇది కుదిరే మాటేనా? సరుకు ఓడెక్కి దిగి, డబ్బులు వచ్చి, ఎప్పుడో నెలల తర్వాత ఒక ప్రశ్న వస్తుంది. అప్పుడు మెయిల్ తీసి చూపించాలి.

థండర్‌బర్డ్‌లో ఆ డిలీట్ సెట్టింగ్‌కు తోడు ఇంకో రెండు ఉన్నాయి. ఒక్కో ఫోల్డర్‌లో ట్యాబ్ మీద ఎన్ని మెయిల్స్ ఉంచాలో చెప్పవచ్చు. వేల దాకా పెట్టుకోవచ్చు. నేను 100 పెట్టాను. కొత్తవి వచ్చేకొద్దీ పాతవి ట్యాబ్ నుంచి వాటంతట అవే జారిపోతాయి, సర్వర్‌లో మాత్రం అలాగే ఉంటాయి. కావాలంటే లిస్టు చివరికి వెళ్లి ఇంకొన్ని తెప్పించుకోవచ్చు. నిజానికి ఇది సరిగా పెట్టుకున్నాక నేను చేత్తో డిలీట్ చెయ్యాల్సిన అవసరమే చాలా తగ్గింది. రెండోది, ఎంత సైజు దాటితే మెయిల్ మొత్తం దించుకోకూడదో చెప్పే సెట్టింగ్. అది చిన్నగా ఉంచితే పెద్ద మెయిల్స్‌లో మాటలు మాత్రమే వస్తాయి, ఫొటోలు మనం తాకినప్పుడే దిగుతాయి.

ఈ రెండోదాన్ని నేను అందరికీ తెగ పొగిడేదాన్ని. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. క్వారీ గుంతలోకి దిగితే సిగ్నల్ ఉండదు. యార్డు బాబాయ్ పక్కన నిలబడి, "ఏంది అమ్మాయ్, ఫొటో అట్టా తిరగతానే ఉంది?" అంటే నా దగ్గర జవాబు లేదు. "పై గట్టుకు పోయినాక వస్తది బాబాయ్" అన్నాను. బ్లాకేమో కింద, ఫొటో పై గట్టు మీద. అందుకని ఇప్పుడు యార్డుకు బయల్దేరే ముందే ఆఫీసు వైఫైలో ఆ రోజుకు కావాల్సిన ఫొటోలన్నీ ఒకసారి తెరిచి పెట్టుకుంటాను. ఆఫీసులోనే కూర్చుని పని చేసేవాళ్లకు ఈ బాధ ఉండదు.

ఇక అసలు గండం చెప్తాను.

ఒక బయ్యరు, సరుకు చేరిన చాలా రోజుల తర్వాత, రెండు బ్లాకుల నెట్ కొలత మా ఇన్‌వాయిస్‌లో ఎక్కువ పడిందన్నాడు. వాళ్ల మార్కర్ పంపిన కొలతల మెయిలే మాకు ఆధారం. ట్యాబ్‌లో వెతికాను, లేదు. సర్వర్‌లో వెతకమన్నాను, అక్కడా లేదు. బ్రౌజర్‌లో నేరుగా మెయిల్‌బాక్స్ తెరిచినా లేదు. చెత్తబుట్టలో కూడా లేదు. ఆఫీసులో అందరి చూపూ నా ట్యాబ్ మీదే. "ఎప్పుడూ మెయిల్స్ తీసేస్తా ఉంటావు కదమ్మా, అప్పుడే పోయుంటది" అన్నారు సారు. నా సెట్టింగ్ పెట్టినట్టే ఉంది. అది చూపించినా నమ్మే పరిస్థితి లేదు. ఆ సాయంత్రం నాకు పట్టిన టెన్షన్ అంతా ఇంతా కాదు. డబ్బు కన్నా, చెయ్యని పని నా మీద పడుతోందన్న బాధే ఎక్కువ.

ఇంటికి పోకుండా ఒక్కో ఫోల్డర్ తెరిచి చూసుకుంటూ కూర్చున్నాను. ఇన్‌బాక్స్‌లో అన్నిటికంటే పాత మెయిల్ రెండు వారాల కిందటిది. దానికి ముందువి ఒక్కటీ లేవు. కానీ మేం పంపిన మెయిల్స్ ఉండే సెంట్ ఫోల్డర్‌లో సంవత్సరాల నాటివి కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయి. షిప్‌మెంట్ల కోసం నేను విడిగా చేసుకున్న ఫోల్డర్లూ అలాగే ఉన్నాయి. పోయింది ఇన్‌బాక్స్ ఒక్కటే, అదీ లెక్కగా రెండు వారాల గీత దగ్గర. మనిషి డిలీట్ చేస్తే ఇలా గీత గీసినట్టు పోదు.

ఐమ్యాప్‌కు అన్ని ఫోల్డర్లూ కనిపిస్తాయి. పాప్ అనే పాత పద్ధతికి ఇన్‌బాక్స్ తప్ప ఇంకేమీ కనిపించదు. మెయిల్స్‌ను కంప్యూటర్‌లోకి దించుకుని సర్వర్‌లో తీసెయ్యడానికే అది పుట్టింది. అంటే మా మెయిల్‌బాక్స్‌ను ఎవరో పాప్‌తో ఖాళీ చేస్తున్నారు. అకౌంట్స్ సెక్షన్‌లో అంతకుముందే కొత్త కంప్యూటర్ పెట్టారు. తెల్లారి దాన్ని తెరిచి చూస్తే అదే. సెట్ చెయ్యడానికి వచ్చిన కుర్రాడు పాప్ పెట్టి పోయాడు. సర్వర్‌లో కాపీ ఉంచమని టిక్కు ఉంది. ఆ కింద, 14 రోజుల తర్వాత తీసెయ్యమని ఇంకో టిక్కు ఉంది. ఆ ప్రోగ్రామ్‌లో అది ముందే పడి ఉండే టిక్కు. మొదటి టిక్కు చూసి అందరూ ధైర్యంగా ఉంటారు, రెండోది మౌనంగా పని చేసుకుపోతుంది.

అదృష్టం ఏమిటంటే మెయిల్స్ పోలేదు, చోటు మారాయి. అన్నీ ఆ కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి. ముందు ఆ 14 రోజుల టిక్కు తీసేశాం. తర్వాత అదే కంప్యూటర్‌లో అదే మెయిల్‌ను ఐమ్యాప్ పద్ధతిలో ఇంకోసారి కలిపి, పాత మెయిల్స్‌ను ఎంపిక చేసుకుని ఐమ్యాప్ ఇన్‌బాక్స్‌లోకి కాపీ చేశాం. మూవ్ చెయ్యొద్దు, కాపీయే చెయ్యాలి. మధ్యలో నెట్ పోతే ఉన్నవి కూడా అటూ ఇటూ కాకుండా పోతాయి. రాత్రంతా కంప్యూటర్ ఆన్‌లో పెట్టి వెళ్లాం. పొద్దున సర్వర్‌లోకి అన్నీ తిరిగొచ్చాయి. ట్యాబ్‌లో మార్కర్ కొలతల మెయిల్ కనిపించినప్పుడు దాన్ని అలాగే సారుకు చూపించాను. కొలత ఇన్‌వాయిస్‌తో సరిపోయింది, బయ్యరు కూడా ఒప్పుకున్నాడు.

కాబట్టి మొదట చెప్పిన సెట్టింగ్ గురించి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. అది ట్యాబ్ నుంచి సర్వర్ వైపు వెళ్లే డిలీట్‌నే ఆపుతుంది. సర్వర్‌లో ఇంకెవరో తీసేస్తే ట్యాబ్‌లోనూ తియ్యాలా వద్దా అన్నది వేరే సెట్టింగ్, మామూలుగా అది ఆన్‌లోనే ఉంటుంది. ఆఫ్ చేసుకోవచ్చు కానీ ట్యాబ్‌లో ఉండేవి ఆ 100 మెయిల్సే కదా, దాన్ని బ్యాకప్ అనుకోవడానికి లేదు. నేను ఆన్‌లోనే ఉంచాను. దానికి బదులు ఆ మెయిల్‌బాక్స్‌కు ఎన్ని కంప్యూటర్లు, ఏ పద్ధతిలో తగిలించి ఉన్నాయో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాం.

ఇంకో సంగతి. సర్వర్‌లో ఏదీ తియ్యకపోతే సర్వర్ నిండుతుంది. మా కంపెనీ మెయిల్‌బాక్స్‌కు హద్దు ఉంది. నిండితే బయ్యర్ల మెయిల్స్ వెనక్కి పోతాయి. అందుకని ఏడాది లెక్కలు ముగిశాక పాత మెయిల్స్‌ను కంప్యూటర్ నుంచి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, తెరిచి సరిచూసుకుని, అప్పుడే సర్వర్‌లో తీస్తాం. ఆ పని ట్యాబ్‌లో చెయ్యను.

స్టోరేజ్ నిండిందంటే నేరం ప్రతిసారీ మెయిల్స్‌ది కాదని కూడా ఈ వాడకంలోనే తెలిసింది. అటాచ్‌మెంట్‌ను సేవ్ చేస్తే అది డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఇంకో కాపీగా కూర్చుంటుంది. మెయిల్ తీసినా అది పోదు. మా ట్యాబ్‌లో బరువు ఎక్కువగా అక్కడే ఉంది. దాన్ని ఖాళీ చేస్తే సర్వర్‌కు ఏ సంబంధమూ లేదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కేష్, అంటే యాప్ తాత్కాలికంగా దాచుకున్నవి, తీసెయ్యడం కూడా ప్రమాదం లేనిదే. పక్కనే ఉండే డేటా తీసెయ్యడం మాత్రం ఆలోచించి చెయ్యాలి. సర్వర్ కాపీలకు ఏమీ కాదు గానీ, అకౌంట్ సెటప్ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి, సిగ్నల్ లేక పంపకుండా ఆగి ఉన్న మెయిల్స్ పోతాయి. యార్డు నుంచి పంపే నాలాంటివాళ్లకు అవి ఎప్పుడూ ఒకటో రెండో ఉంటాయి. పైగా ట్యాబ్‌లో మాత్రమే తీసేసిన మెయిల్స్ అన్నీ సెటప్ అయ్యాక మళ్లీ ప్రత్యక్షమవుతాయి.

ఇది అందరికీ కావాల్సిన యాప్ అని నేను చెప్పను. ఒకే ఒక జీమెయిల్, రోజుకు నాలుగు మెయిల్స్ వచ్చేవాళ్లకు జీమెయిల్ యాప్ చాలు. ఎన్ని రోజుల మెయిల్ దించుకోవాలో అందులోనూ పెట్టుకోవచ్చు, మామూలుగా 30 రోజులకు ఉంటుంది, అంతకన్నా పాతవి సర్వర్‌లోనే ఉంటాయి. కాకపోతే అక్కడ డిలీట్ అంటే అన్నిచోట్లా డిలీటే. 30 రోజులు బుట్టలో ఉండి శాశ్వతంగా పోతుంది. ట్యాబ్‌లో 128 జీబీ, 256 జీబీ ఉన్నవాళ్లకు కూడా ఈ తిప్పలు అక్కర్లేదు. నాది చిన్న ట్యాబ్, పెద్ద ఫొటోలు, నలుగురు వాడే మెయిల్‌బాక్స్. ఈ మూడూ కలిసినంతకాలం నేను దీన్ని మార్చను. ఆఫీసువాళ్లు పెద్ద ట్యాబ్ ఇస్తే 100 మెయిల్స్ హద్దు పెంచుకుంటానేమో గానీ, డిలీట్ సెట్టింగ్ మాత్రం ఇప్పుడున్నట్టే ఉంచుతాను.