'ఫర్గాట్ సెండింగ్' ఆ, 'ఫర్గాట్ టు సెండ్' ఆ: ఎక్కడ ఏది మేలు?

కొన్నేళ్ల కిందట ఆఫీసులో ఒక ఫైలు పంపాల్సి ఉండి, హడావిడిలో పంపలేదు. సాయంత్రం గుర్తొచ్చి పై అధికారికి మెయిల్ కొట్టాను, "సారీ, ఐ ఫర్గాట్ సెండింగ్ ద ఫైల్" అని. ఆయన వెంటనే అడిగారు: ఏ అడ్రస్‌కి పంపారు, నా ఇన్‌బాక్స్‌లో లేదే? పంపలేదనే కదా మొర్రో అంటున్నాను అని నా టెన్షన్ నాది. మెయిళ్లు రెండు సార్లు అటూ ఇటూ తిరిగాక తేలింది, నేను రాసినదానికి 'ఫైలు పంపాను గానీ పంపిన సంగతే మర్చిపోయాను' అని అర్థం వస్తోందని. రాయాల్సింది "ఐ ఫర్గాట్ టు సెండ్".

ఆ తప్పు ఎక్కడ పుట్టిందో తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే దొరికింది. తెలుగులో 'పంపడం మర్చిపోయాను' అంటాం. సింగింగ్ అంటే పాడటం, రీడింగ్ అంటే చదవడం అని చిన్నప్పటినుంచి బట్టీ పట్టాం కాబట్టి 'డం' కనిపించగానే చెయ్యి దానంతటదే ఇంగ్ (-ing) వైపు పోతుంది.

ఇది నేర్చుకోవడానికి సాధారణంగా దొరికే దారి జాబితాలు. ఈ వెర్బుల తర్వాత ఇంగ్, ఆ వెర్బుల తర్వాత టు అని రెండు వరసలు ఇస్తారు, కంఠతా పట్టమంటారు. నాకు ఆ దారి పెద్దగా పనికిరాలేదు. ఎందుకంటే మనల్ని ముంచే వెర్బులు రెండు జాబితాల్లోనూ ఉంటాయి! ఫర్గెట్, రిమెంబర్, స్టాప్, ట్రై, రిగ్రెట్... వీటి తర్వాత రెండూ కరెక్టే, అర్థాలు మాత్రం వేరు. ఇక్కడ జాబితా కంటే మన తెలుగు చెవే మేలు, కాకపోతే 'డం' దగ్గర ఆగిపోకుండా ఇంకాస్త లోపలికి వినాలి.

'తాళం వేసినట్టు గుర్తుంది' అన్నామంటే వేయడం అయిపోయింది, ఇప్పుడు గుర్తొస్తోంది: "ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్". 'గుర్తుపెట్టుకుని తాళం వెయ్యి' అన్నామంటే ఆ పని ఇంకా ముందుంది: "రిమెంబర్ టు లాక్ ద డోర్". అంటే తెలుగులో వేసిన, చెప్పిన, చూసిన లాంటి రూపం నోటికొస్తే ఇంగ్, ఇంకా చెయ్యాల్సిన పని అయితే టు. రిగ్రెట్ కూడా ఇంతే. 'నీకు చెప్పినందుకు బాధపడుతున్నా' అయితే "ఐ రిగ్రెట్ టెల్లింగ్ యు", 'చెప్పడానికి బాధగా ఉంది' అయితే "ఐ రిగ్రెట్ టు టెల్ యు". రెండోది చెడు వార్త మోసుకొచ్చే ఉత్తరాల్లో ఎక్కువగా కనిపిస్తుంది, మామూలు మాటల్లో కాస్త బిగుసుకుపోయినట్టు ఉంటుంది.

స్టాప్ విషయంలో తెలుగు ఇంగ్లీషు కంటే స్పష్టంగా ఉంది, ఏకంగా రెండు క్రియలు వాడతాం. 'మాట్లాడటం ఆపాడు' అంటే "హి స్టాప్డ్ టాకింగ్", 'మాట్లాడటానికి ఆగాడు' అంటే "హి స్టాప్డ్ టు టాక్". ఆపడమా, ఆగడమా అని ఒక్క క్షణం ఆలోచిస్తే ఇక్కడ తప్పు పడే ప్రశ్నే లేదు. అందుకే సిగరెట్ మానేసిన మనిషి "ఐ స్టాప్డ్ టు స్మోక్" అన్నాడంటే, దారిలో ఆగి మరీ వెలిగించాడన్నమాట.

నాకు అన్నిటికంటే నచ్చింది ట్రై. కిటికీ బిగుసుకుపోయి ఉంటే "ట్రై టు ఓపెన్ ద విండో" అంటాం, తెరవడానికి ప్రయత్నించు, వస్తుందో రాదో తెలీదు. కిటికీ బాగానే ఉంది, గదిలోనే ఉక్కగా ఉంది, అప్పుడు "ట్రై ఓపెనింగ్ ద విండో", అంటే తెరిచి చూడు, ఏమైనా తేడా ఉంటుందేమో. మన 'చేసి చూడు' ఉందే, అది ట్రై పక్కన ఇంగ్ పెట్టినట్టే! ఏ గ్రామర్ పుస్తకం తెరవకుండానే మనకి తెలిసిన తేడా ఇది. ఫోన్ పనిచెయ్యట్లేదని ఎవరైనా అంటే ఇచ్చే సలహా "ట్రై రీస్టార్టింగ్ ఇట్", ఎందుకంటే రీస్టార్ట్ చెయ్యడం కష్టమేమీ కాదు, చేసి చూడమంటున్నాం అంతే.

'తూ' మీద అయితే ఇంకా ధీమాగా ఉండొచ్చు. 'ప్రయత్నిస్తూనే ఉండు' అంటే "కీప్ ట్రైయింగ్", 'చదువుతూ గడిపాను' అంటే "ఐ స్పెంట్ ద డే రీడింగ్". వీటిలో టు పెట్టే అవకాశమే లేదు. చూడటం, వినడం లాంటి చోట్ల మాత్రం కాస్త జాగ్రత్త: 'వాడు రోడ్డు దాటుతుంటే చూశాను' అంటే "ఐ సా హిమ్ క్రాసింగ్ ద రోడ్", మధ్యలో కంటపడ్డాడు. 'దాటడం చూశాను' అంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసినట్టు, అప్పుడు ఇంగూ లేదు, టు కూడా లేదు, "ఐ సా హిమ్ క్రాస్". మళ్లీ ఆ 'డం' మోసం చేసింది చూశారా.

అలాగని తెలుగు చెవి అన్నిచోట్లా గెలుస్తుందని అనను. 'వెళ్లాలని నిర్ణయించుకున్నా', 'చెయ్యడానికి ఒప్పుకున్నాడు' లాంటివి చక్కగా టు వైపు చూపిస్తాయి: డిసైడెడ్ టు గో, అగ్రీడ్ టు డు. కానీ 'ఈత కొట్టడం నేర్చుకున్నా' అని మనం అంటే ఇంగ్లీషులో "లర్న్డ్ టు స్విమ్" అంటారు. ఇక సజెస్ట్ దగ్గర మన చెవికి ఏ సూచనా అందదు. 'వెళ్దామన్నాడు' అనే మాటలో ఇంగ్ ఎక్కడుంది? అందుకే "హి సజెస్టెడ్ టు గో" అనే తప్పు అంత మామూలైపోయింది, "హి సజెస్టెడ్ గోయింగ్" అనాలి. సజెస్ట్, ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్, డినై, మైండ్... ఈ గుప్పెడు మాటల వరకు జాబితాకే నా ఓటు, మరీ పొడుగాటిది వద్దు.

'లుక్ ఫార్వర్డ్ టు' సంగతి రెండు ముక్కల్లో. ఆ టు వెర్బుకి చెందిన టు కాదు, ప్రిపోజిషన్. దాని తర్వాత మామూలు నౌన్ పెట్టి చూడండి, "లుకింగ్ ఫార్వర్డ్ టు ద మీటింగ్" కుదిరింది కదా, కాబట్టి వెర్బు వస్తే "టు మీటింగ్ యు". "టు మీట్ యు" కుదరదు.

ఇక అడ్వర్బ్, అంటే పని ఎలా జరిగిందో చెప్పే మాట. దాని రూపం కంటే అది కూర్చునే చోటే ఎక్కువ గొడవ. ఈ మూడూ చూడండి:

"ఐ క్లియర్లీ రిమెంబర్ సీయింగ్ హిమ్."
"ఐ రిమెంబర్ సీయింగ్ హిమ్ క్లియర్లీ."
"ఐ రిమెంబర్ క్లియర్లీ సీయింగ్ హిమ్."

మొదటిదానిలో జ్ఞాపకం స్పష్టం. రెండోదానిలో చూపు స్పష్టం, వెలుతురు బాగా ఉంది, ముఖం కనిపించింది అన్నట్టు. మూడోది రెండు వెర్బుల మధ్య ఇరుక్కుని ఎటు చూస్తోందో చెప్పదు. మనం 'స్పష్టంగా' అనే మాటని దాని క్రియకి ముందే అంటిస్తాం, 'చూసినట్టు స్పష్టంగా గుర్తుంది', 'స్పష్టంగా చూసినట్టు గుర్తుంది', కాబట్టి ఈ తికమక మనకి అంతగా రాదు. ఇంగ్లీషు రాసేటప్పుడు మధ్య కుర్చీ ఖాళీగా వదిలేసి మొదటిదో రెండోదో ఎంచుకోవడమే మేలు.

టు తర్వాత అయితే నా లెక్క మారుతుంది. "హి డిసైడెడ్ క్వైట్లీ టు లీవ్" అంటే నిశ్శబ్దంగా నిర్ణయించుకున్నాడా, నిశ్శబ్దంగా వెళ్లిపోయాడా? "హి డిసైడెడ్ టు క్వైట్లీ లీవ్" అంటే ఆ సందేహం ఉండదు. టు కీ వెర్బుకీ మధ్య ఏ మాటా దూరకూడదని 19వ శతాబ్దంలో వ్యాకరణం రాసినవాళ్లు కొందరు పట్టుబట్టారు, ఇప్పటికీ ముఖం చిట్లించేవాళ్లు ఉన్నారు. అర్థం తేటపడుతుంటే నేను మొహమాటం లేకుండా దూర్చేస్తాను. మరీ పట్టింపు ఉన్నవాళ్లకి రాస్తుంటే "టు లీవ్ క్వైట్లీ" అని చివర పెడతాను, అదీ హాయిగానే ఉంటుంది.

కేర్‌ఫుల్ రీడింగా, కేర్‌ఫుల్లీ రీడింగా అని కూడా చాలామంది తడబడతారు. తెలుగులో రెండింటికీ 'జాగ్రత్తగా చదవడం' ఒక్కటే. ఇంగ్ రూపం నేరుగా ఆబ్జెక్టుని పట్టుకుంటే అది ఇంకా వెర్బులాగే ప్రవర్తిస్తోంది, అడ్వర్బ్ కావాలి: "కేర్‌ఫుల్లీ రీడింగ్ ద అగ్రిమెంట్". ముందు ద, మధ్యలో ఆఫ్ వచ్చాయంటే అది నౌన్ అయిపోయింది, అడ్జెక్టివ్ చాలు: "ద కేర్‌ఫుల్ రీడింగ్ ఆఫ్ ద అగ్రిమెంట్". రెండూ తప్పు కాదు గానీ, రెండోది లీగల్ కాగితాల వాసన వేస్తుంది, మామూలు మెయిల్లో నేనైతే మొదటిదే రాస్తాను. పంపేముందు ఫైలు అటాచ్ చేశానా లేదా అని కూడా చూసుకుంటాను.