ఐటీపీఐ సభ్యత్వమా, నాబెట్ ఆమోదమా: చెన్నైలో పర్యావరణ ప్లానర్‌కు ఏది మేలు?

విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ)లో పర్యావరణ ప్రణాళికలో మాస్టర్స్ ముగించి చెన్నై రైలెక్కేవాళ్లు ముందుగా లైసెన్స్ ఎక్కడ ఇస్తారని అడుగుతారు. మన దేశంలో ప్లానర్‌కు లైసెన్స్ లేదు. ఆర్కిటెక్టులకు 1972 చట్టం ఉంది. అది కాపాడేది ఆర్కిటెక్ట్ అనే పేరునే తప్ప ఆ పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్లానర్‌కు ఆ పేరు రక్షణ కూడా లేదు. కాబట్టి చేతిలో ఉన్నవి రెండే: ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్, ఇండియా (ఐటీపీఐ) సభ్యత్వం, పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే సంస్థలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు నాబెట్ ఆమోదం.

1951లో ఏర్పడ్డ ఐటీపీఐ గుర్తించిన డిగ్రీ ఉంటే అసోసియేట్ సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వచ్చాక పేరు పక్కన ఏఐటీపీ అని రాసుకోవచ్చు. కంపెనీ మారినా, ఊరు మారినా అది మీతోనే ఉంటుంది. మాస్టర్ ప్లాన్ టెండర్లలో కీలక సిబ్బందికి ఈ సభ్యత్వం అడగడం మామూలే. చెన్నై మహానగర ప్రాంతాన్ని 1,189 నుంచి 5,904 చదరపు కిలోమీటర్లకు పెంచుతూ 2022లో ఉత్తర్వు వచ్చింది గనుక ఇక్కడ ఆ పనికి కొరత ఉండదు. అయితే ఈ సభ్యత్వంతో పర్యావరణ ప్రభావ నివేదికలో నిపుణుడిగా సంతకం పెట్టలేరు.

ఆ సంతకానికి నాబెట్ కావాలి. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌ను 2016లో సవరించి, నివేదిక తయారుచేసే సంస్థకు గుర్తింపు తప్పనిసరి చేశారు. చాలామంది పొరబడేది ఇక్కడే. గుర్తింపు సంస్థకు ఇస్తారు, అదీ రంగాలవారీగా, కేటగిరీలవారీగా. మీకు ఆ సంస్థలో ఈఐఏ కోఆర్డినేటర్‌గానో, 12 విషయాల్లో ఒకదానికి నిపుణుడిగానో ఆమోదం వస్తుంది. కంపెనీ మారితే కొత్త సంస్థ మళ్లీ మీ పేరు పంపి ఆమోదం తెచ్చుకోవాలి. అది వచ్చేదాకా సంతకం లేదు.

ప్లానింగ్ చదివినవాళ్లకు సహజంగా కుదిరేవి భూ వినియోగం, సామాజిక ఆర్థిక విషయాలు. గాలి నాణ్యత మోడలింగ్ జోలికి వెళ్లకండి, మన చదువు దానికి చాలదు. భూ వినియోగం తేలిక పనిగా కనిపిస్తుంది, కానీ తప్పులు దొర్లేది అందులోనే. పెద్ద ప్రాజెక్టులకు చుట్టూ 10 కిలోమీటర్ల మేర ఉపగ్రహ చిత్రంతో మ్యాపు గీస్తారు. మే నెల చిత్రం ఒక్కటే తీసుకుంటే ఎండిన చెరువు బీడుభూమిగా నమోదవుతుంది. చెన్నైకి ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది కాబట్టి జనవరి చిత్రాన్ని కూడా పక్కన పెట్టి చూడాలి. తర్వాత గ్రామ రికార్డుతో సరిపోల్చాలి. అడంగల్, పొరంబోకు మనకు తెలిసిన మాటలే. ఏరి అంటే చెరువు, ఓడై అంటే వాగు, మేయ్‌క్కాల్ అంటే పశువుల మేత భూమి. తమిళం చదవడం రాకపోతే ఈ పని చేయలేరు, నేర్చుకోవాల్సిందే. తీరం దగ్గర స్థలమైతే మీ మ్యాపు చెల్లదు. సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి) హద్దులు 1:4,000 స్కేలులో అన్నా యూనివర్సిటీ రిమోట్ సెన్సింగ్ ఇన్‌స్టిట్యూట్ వంటి అధీకృత సంస్థ గీసి ఇవ్వాలి.

మూడో దారి కొత్తగా తెరుచుకుంది. 2025 ఆగస్టులో పర్యావరణ ఆడిట్ నియమాలు వచ్చాయి. అనుభవం ఆధారంగానో, జాతీయ పరీక్ష రాసో ధ్రువీకరణ పొంది, ఆపైన ఆడిటర్‌గా నమోదు కావాలి. ఏ ప్రాజెక్టు ఎవరికన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయిస్తారు, అంటే ఆడిటర్‌ను ఎంచుకునేది యజమాని కాదు. ఇది మంచి ఏర్పాటు. కానీ అప్పుడే చదువు ముగించినవాళ్లకు కాదు, నాలుగైదు ఫ్యాక్టరీల కాగితాలు చూసి ఉన్నవాళ్లకు.

మాస్టర్ ప్లాన్ పని కోరుకునేవాళ్లకు ఐటీపీఐ చాలు. ప్రభావ అంచనా చేయాలనుకుంటే నాబెట్ ముందు, ఐటీపీఐ దరఖాస్తు అదే ఏడాది. నా మాటగా చెప్పాలంటే, ఈ ఆమోదం మనిషికే ఇచ్చి ఉంటే జవాబుదారీ కూడా మనిషికే ఉండేది. కంపెనీకి కట్టేయడంతో పనికిరాని నివేదికను కాదనే ధైర్యం కుర్రాళ్లకు మిగలడం లేదు.

అందుకే చేరేముందే నాబెట్ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు వెతకండి. గడువు ఎప్పటిదాకా ఉంది, ఏ రంగాలున్నాయి, భూ వినియోగ నిపుణులు ఇప్పటికే ఎవరు, అన్నవి చూడండి. ఇంటర్వ్యూలో "నా పేరు ఏ ప్రాజెక్టు డిక్లరేషన్‌లో వస్తుంది, స్థలానికి ఎన్నిసార్లు పంపుతారు?" అని అడగండి. స్థలం చూడకుండా సంతకం అడిగితే వద్దనండి. తప్పుడు సమాచారం బయటపడితే ఈఐఏ నోటిఫికేషన్‌లోని 8(6) పేరా కింద దరఖాస్తును తోసిపుచ్చవచ్చు, ఇచ్చిన అనుమతినీ రద్దు చేయవచ్చు. అప్పుడు ఆ డిక్లరేషన్ పేజీలో కనిపించేది మీ పేరే.